క్షయ రోగుల చికిత్సకు సామాజిక వివక్ష ఎలా అడ్డుపడుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

క్షయ సోకినవారు, వారి కుటుంబ సభ్యులు, వారికి సేవలందించే ఆరోగ్య కార్యకర్తలు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. ఇవి అవగాహన కోసం రాసినవి. మందుల ఎంపిక, మోతాదు, మార్పుల విషయంలో చికిత్స చేస్తున్న వైద్యుల మాటే పాటించాలి.

క్షయ విషయంలో వివక్ష అంటే ఏమిటి?

ఒక మనిషికి క్షయ ఉందని తెలిసిన తరువాత అతన్ని చూసే చూపు, పలకరించే తీరు, కూర్చోబెట్టే చోటు మారిపోయి, ఆ మార్పుకు వైద్యపరమైన కారణమేదీ లేకపోతే అది వివక్షే. అది ఎప్పుడూ తిట్ల రూపంలోనే రాదు. రాకపోకలు తగ్గుతాయి, శుభకార్యాలకు పిలుపులు ఆగిపోతాయి, పిల్లలను దగ్గరికి రానివ్వరు. ఎవరూ నోరు తెరిచి ఏమీ అనకపోయినా రోగికి అన్నీ అర్థమవుతూనే ఉంటాయి.

దీనికి మరో రెండు రూపాలున్నాయి. నలుగురూ అనుకునేదాన్నే రోగి తానూ నమ్మి, తనను తాను తక్కువగా చూసుకోవడం ఒకటి. ఉద్యోగ నిబంధనల్లోనూ ఆసుపత్రి ఏర్పాట్లలోనూ, కొన్ని దేశాల్లో చట్టాల్లో సైతం, రోగిని నేరస్థుడిలా చూసే అలవాటు స్థిరపడిపోవడం మరొకటి. ఈ మూడూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

మందులతో నయమయ్యే జబ్బుకు ఇంత వెలి ఎందుకు?

మందులు రాకముందు పుట్టిన భయం మందులు వచ్చాక కూడా పోలేదు. 1838 చివరలో సంగీతకారుడు ఫ్రెడరిక్ షోపాన్ ఆరోగ్యం కుదుటపడుతుందన్న ఆశతో స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవికి వెళ్లాడు. ఆయనది క్షయ అని వైద్యులన్న మాట బయటికి పొక్కగానే ఇంటి యజమాని ఇల్లు ఖాళీ చేయించి, గోడలకు తిరిగి సున్నం వేయించే ఖర్చు కూడా ఆయన మీదే వేశాడు. వెంట వచ్చినవారితో సహా ఆయన ఆ చలికాలమంతా సన్యాసులు ఖాళీ చేసి వెళ్లిన ఒక మఠంలో తలదాచుకోవలసి వచ్చింది. ఇది జరిగి 180 ఏళ్లు దాటింది. అయినా క్షయ ఉందని తెలిసి అద్దె ఇల్లు ఖాళీ చేయమనడం ఇప్పటికీ ఎన్నో చోట్ల వినబడే మాటే.

ఆ రోజుల్లో ఐరోపా ఉత్తర ప్రాంతాల్లో క్షయ వంశపారంపర్యంగా వస్తుందనీ, దక్షిణ ప్రాంతాల్లో అంటుకుంటుందనీ నమ్మేవారు. ఇది ఒకరి నుంచి మరొకరికి సోకే వ్యాధి అని 1865లో ఫ్రెంచి వైద్యుడు విల్‌మాన్ కుందేళ్ల మీద ప్రయోగాలతో చూపించాడు. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ బెర్లిన్‌లో క్షయ కారక బాక్టీరియాను కనుగొన్నట్లు ప్రకటించాడు. అయితే ఆ క్రిమిని చంపగల తొలి మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో గానీ దొరకలేదు. మధ్యలో గడిచిన ఆ అరవై ఏళ్లూ, అంటుకుంటుందని తెలిసి కూడా ఏమీ చేయలేని కాలం. రోగిని ఇంటికీ ఊరికీ దూరంగా శానిటోరియంలో, అంటే క్షయ రోగుల ప్రత్యేక ఆసుపత్రిలో, ఉంచడమే అప్పటికి తెలిసిన ఉపాయం. క్షయ అంటుకుంటుందన్న సంగతి ఆ కాలంలోనే జనంలోకి బలంగా వెళ్లింది. నయమవుతుందన్న సంగతి ఆలస్యంగా బయలుదేరి ఇప్పటికీ దాన్ని అందుకోలేకపోతోంది. వంశం మాట శాస్త్రం కొట్టివేసి శతాబ్దం దాటినా పెళ్లి సంబంధాల దగ్గర ఇంకా వినబడుతూనే ఉంది.

దీనికి పేదరికపు మచ్చ కూడా తోడైంది. ఇరుకు గదులు, పోషకాహార లోపం, మద్యం, పొగాకు, జైళ్లు, వలస బతుకులు క్షయ ముప్పును పెంచుతాయి. వాటిని అనుభవిస్తున్నవారిని సమాజం అప్పటికే చిన్నచూపు చూస్తుంది కాబట్టి, జబ్బు వారి నడవడికకు శిక్ష అన్నట్లు మాట్లాడటం సులువైపోయింది.

భయపడటంలో నిజమేమీ లేదా? క్షయ అంటువ్యాధే కదా?

అంటువ్యాధే. దాన్ని దాచిపెట్టి వివక్షను తగ్గించాలనుకోవడం సరికాదు, ఎందుకంటే నిజం బయటపడిన రోజున మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. ఊపిరితిత్తులకు లేదా స్వరపేటికకు క్షయ సోకినవారు దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు, పాడినప్పుడు క్రిములు గాలిలోకి చేరి, గాలి ఆడని గదుల్లో కొన్ని గంటలపాటు తేలుతూ ఉండగలవు. ఆ గాలిని ఎక్కువసేపు పీల్చినవారికి క్రిమి సోకే అవకాశం ఉంది. చికిత్స అందని ఒక్కరి నుంచి ఏడాది కాలంలో 5 నుంచి 15 మందికి సోకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూ వచ్చింది.

అయితే క్రిమి సోకడం వేరు, జబ్బు పడటం వేరు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ క్రిమి సోకి ఉంటుందని అంచనా. వారిలో జీవితకాలంలో జబ్బు పడేవారు నూటికి 5 నుంచి 10 మంది. మిగిలినవారిలో క్రిమి నిద్రాణంగా ఉండిపోతుంది లేదా శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. వారి నుంచి ఎవరికీ సోకదు.

కంచాలు, గ్లాసులు, దుప్పట్లు, కరచాలనం, మరుగుదొడ్డి వాడకం వల్ల క్షయ సోకదు. కంచం వేరు చేయడం వల్ల ఎవరికీ రక్షణ కలగదు. కిటికీ తెరిస్తే కలుగుతుంది.

వివక్ష వల్ల వ్యాధి నిర్ధారణ ఎలా ఆలస్యమవుతుంది?

ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే అని మా అభిప్రాయం. క్షయ అత్యధికంగా వ్యాపించేది జబ్బు బయటపడి మందులు మొదలయ్యేలోపే. సరైన మందులు పడిన కొద్ది రోజుల్లోనే రోగి దగ్గే తుంపర్లలో క్రిమి బలం వేగంగా తగ్గిపోతుంది. క్రిమి ఆ మందులకు లొంగేదైతే, సాధారణంగా రెండు వారాలు గడిచేసరికి ఇతరులకు సోకే ప్రమాదం చాలావరకు పోతుందని వైద్యులు లెక్కిస్తారు.

జనం దూరం పెట్టడం మాత్రం పేరు బయటపడ్డాకే మొదలవుతుంది. మూడు నెలలుగా దగ్గుతూ అందరి మధ్యా తిరిగిన మనిషిని ఎవరూ ఏమీ అనరు. పరీక్ష చేయించుకుని మందులు వాడుతూ రోజురోజుకూ ప్రమాదరహితంగా మారుతున్న మనిషిని మాత్రం వెలివేస్తారు. అంటే శిక్ష పడేది పరీక్ష చేయించుకున్నందుకే. ఇది చూసిన పక్కింటి మనిషి తన దగ్గు గురించి ఏం చేస్తాడో ఊహించడం కష్టం కాదు. చలి వల్ల, దుమ్ము వల్ల, పొగ తాగడం వల్ల అని తనకు తానే చెప్పుకుంటాడు. దుకాణంలో దగ్గు మందు కొంటాడు. అది పని చేయకపోతే మరో దుకాణానికి వెళ్తాడు. చివరికి కళ్లె పరీక్ష చేయించుకోవాలని వైద్యులు చెప్పినా, క్షయ విభాగం బోర్డు కింద వరుసలో నిలబడితే తెలిసినవారు చూస్తారేమోనని వెనక్కి తిరుగుతాడు. కొందరు తమ ఊళ్లో ఆసుపత్రి ఉన్నా ఎవరూ గుర్తుపట్టని చోటికి వెళ్తారు. అక్కడ పరీక్ష జరిగినా, ఫలితం తెచ్చుకోవడానికీ నెల నెలా మందులకూ అంత దూరం తిరగలేక మధ్యలో ఆగిపోతారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో సుమారు 1 కోటి 8 లక్షల మంది క్షయ బారిన పడగా, ఆ ఏడాది కొత్తగా గుర్తించి నమోదు చేసినవారు సుమారు 82 లక్షల మంది. మరణాలు దాదాపు 12.5 లక్షలు. జబ్బు పడినవారికీ నమోదైనవారికీ మధ్య ఉన్న ఈ తేడాకు పరీక్షల కొరత, దూరం, ఖర్చు వంటి కారణాలెన్నో ఉన్నాయి, మొత్తం నింద వివక్ష మీదే వేయలేం. కానీ ఆసుపత్రి దగ్గరలో ఉండి, పరీక్ష ఉచితంగా దొరికి, రెండు గంటల్లో ఫలితమిచ్చే యంత్రం అక్కడే ఉన్నా మనిషి గడప దాటడం లేదంటే, ఆ అడ్డు యంత్రాలతో తొలగేది కాదు.

చికిత్స మొదలయ్యాక ఇక ఇబ్బంది ఉండదు కదా?

ఉంటుంది. మందులకు లొంగే మామూలు క్షయకు ఎక్కువమందికి ఇచ్చే చికిత్స ఆరు నెలలు: మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అనే నాలుగు మందులు, తరువాత నాలుగు నెలలు ప్రధానంగా ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్. ఇన్ని నెలలు ప్రతిరోజూ మాత్రలు మింగుతూ, ఆ సంగతి ఇంట్లోవారికి తెలియకుండా చూసుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. మాత్రల రేకు చించే చప్పుడు వినబడకుండా స్నానాల గదిలో కుళాయి తిప్పి మింగేవారున్నారు. మాత్రలన్నీ ముందే రేకుల్లోంచి తీసి, పేరు లేని విటమిన్ సీసాలో పోసుకునేవారున్నారు. అలా చేస్తే మాత్రలకు తేమ తగులుతుంది, ఏ రోజువి వేసుకున్నారో లెక్క తప్పుతుంది. రిఫాంపిసిన్ వల్ల మూత్రం, కన్నీళ్లు, చెమట నారింజ రంగులోకి మారతాయి. ఇది హాని లేని మార్పే అయినా, దాచుకుంటున్నవారికి ప్రతిరోజూ గుండె దడే. ఇంటికి చుట్టాలొస్తే ఆ నాలుగు రోజులూ మందులు మానేస్తారు. ఇలాంటి చిన్న చిన్న విరామాలే పోగై, జబ్బు తిరగబెట్టడానికో, క్రిమి మందులకు లొంగకుండా మారడానికో దారి తీయవచ్చు.

దాచడం వల్ల జరిగే మరో నష్టాన్ని చాలామంది గుర్తించరు. ఈ మందులు కొందరిలో కాలేయాన్ని దెబ్బతీస్తాయి. కళ్లు పచ్చబడటం, ఆకలి పూర్తిగా పోవడం, వాంతులు దాని గుర్తులు. ఇథాంబుటాల్ అరుదుగా చూపును, ముఖ్యంగా రంగుల తేడాను పోల్చే శక్తిని తగ్గిస్తుంది. ఐసోనియాజిడ్ వల్ల అరికాళ్లు, అరచేతులు తిమ్మిరెక్కవచ్చు. దానికి విటమిన్ బీ6 ఇస్తారు. ఇలాంటి మార్పులను చాలాసార్లు ముందుగా గమనించేది ఇంట్లోవారే. వారికి తెలియకపోతే గమనించేవారుండరు. అలాగే రిఫాంపిసిన్ గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వంటి మందుల పనితీరును, కొన్ని హెచ్ఐవీ మందుల పనితీరును కూడా మారుస్తుంది. వేరే జబ్బుకు వేరే వైద్యుడి దగ్గరికి వెళ్లి, అక్కడ క్షయ మందుల సంగతి చెప్పకుండా దాచినవారు ఈ ప్రమాదాన్ని కొనితెచ్చుకుంటారు. లోకానికంతటికీ చెప్పనక్కరలేదు, కానీ మీకు ఏ మందు రాసే వైద్యుడికైనా చెప్పి తీరాలి.

ఆరోగ్య కార్యకర్త రోజూ ఎదుట నిలబడి మందు వేయించడం రోగికి మేలా, చేటా?

ప్రత్యక్ష పర్యవేక్షణలో చికిత్స అనే ఈ పద్ధతిని డాట్స్ పేరుతో 1990లలో ప్రపంచమంతటా అమలు చేశారు. దాని వల్ల మేలు పొందినవారు ఎందరో ఉన్నారు. అయితే గుర్తు వేసిన వాహనమో, ఏకరూప దుస్తుల్లో ఉన్న మనిషో రోజూ ఒకే ఇంటి ముందు ఆగితే ఆ వీధికి వేరే ప్రకటన అవసరం ఉండదు. రోజూ కేంద్రానికే వచ్చి మింగాలంటే కూలి పోతుంది, అక్కడ కనబడితే పరువు పోతుందన్న భయమూ ఉంటుంది.

పర్యవేక్షణ ఉండాలా వద్దా అన్నదానికంటే అది ఎవరి ద్వారా, ఎక్కడ, ఎలా జరగాలో రోగిని అడిగారా అన్నదే మాకు ముఖ్యంగా తోస్తుంది. రోగి నమ్మే స్నేహితుడు, సహోద్యోగి లేదా గతంలో ఇదే జబ్బు నుంచి కోలుకున్న మనిషి ఆ పని చేయవచ్చు. ఫోన్‌లో వీడియో ద్వారా మందు వేసుకోవడం చూపించే పద్ధతిని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించింది. కార్యకర్త ఇంటికి వెళ్లక తప్పనప్పుడు వేళను రోగితో మాట్లాడి నిర్ణయించుకోవాలి, గుమ్మంలో నిలబడి జబ్బు పేరు పలకకూడదు.

రోగిని ఇంట్లో వేరుగా ఉంచాలా?

చికిత్స తొలి వారాల్లో కొన్ని జాగ్రత్తలు అవసరం. వీలైతే రోగి వేరే గదిలో పడుకోవాలి, కిటికీలు తెరిచి గాలి, వెలుతురు రానివ్వాలి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, ఇతరులతో కలిసి గదిలో ఉన్నప్పుడు మాస్కు ధరించాలి. చిన్న పిల్లలు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు ఇంట్లో ఉంటే ఈ జాగ్రత్తలు మరింత గట్టిగా పాటించాలి. ఎప్పటివరకు అన్నది వైద్యులు చెబుతారు.

ఈ జాగ్రత్తలకు ఒక గడువు ఉంటుంది. వెలివేతకు గడువు ఉండదు. ఇంట్లోవారు ఈ తేడాను రోగికి మాటల్లో చెప్పాలి. "రెండు మూడు వారాలు ఈ గదిలో పడుకో, డాక్టరుగారు సరేనన్నాక మళ్లీ అందరం కలిసే పడుకుందాం" అని చెప్పి చేసిన ఏర్పాటును రోగి ఒకలా తీసుకుంటాడు. ఏమీ చెప్పకుండా మంచాన్ని వసారాలోకి మార్చేస్తే మరోలా తీసుకుంటాడు.

ఇంట్లో ఉంచి వైద్యం చేయడం కుటుంబానికి ప్రమాదమా అన్న ప్రశ్నను శాస్త్రీయంగా పరీక్షించారు కూడా. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనంలో రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు శానిటోరియంలోనూ, మరో జట్టుకు ఇరుకైన సొంత ఇళ్లలోనూ ఒకే రకం మందులిచ్చారు. 1959లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఇంట్లో ఉన్నవారు దాదాపు శానిటోరియంలో ఉన్నవారిలాగే కోలుకున్నారు. ఆ తరువాత కొన్నేళ్లపాటు కుటుంబ సభ్యులను గమనించినా, రోగి ఇంట్లో ఉండి చికిత్స పొందడం వల్ల వారికి అదనంగా జబ్బు వచ్చిన దాఖలా కనబడలేదు. శానిటోరియంల కాలం ముగియడానికి ఈ ఫలితాలు ఎంతగానో తోడ్పడ్డాయి.

స్త్రీల మీద ఈ వివక్ష భారం ఎక్కువా?

జబ్బు పడేవారిలో పురుషులే ఎక్కువ. కానీ వివక్ష ఇద్దరినీ వేర్వేరు చోట్ల దెబ్బతీస్తుంది. పురుషులను ఎక్కువగా వేధించేది పని పోతుందన్న భయం. అందుకే వారు జ్వరంతోనే పనికి వెళ్తారు, కాస్త బాగుండగానే మందులు ఆపేస్తారు. స్త్రీల విషయంలో భయం ఇంటి లోపలే ఉంటుంది: పెళ్లి కుదరదేమో, కుదిరింది తప్పిపోతుందేమో, భర్త పుట్టింటికి పంపేస్తాడేమో. పరీక్షకు వెళ్లాలంటే డబ్బుకూ తోడుకూ మరొకరిని అడగవలసి వచ్చే స్త్రీ, ఆ మరొకరికి కారణం చెప్పలేక ఆగిపోతుంది. గర్భాశయానికీ అండవాహికలకూ సోకే క్షయ సంతానలేమికి కారణం కావచ్చు. అక్కడ రెండు నిందలూ ఒక్కరి మీదే పడతాయి. పెళ్లి మాటలు నడుస్తున్న అమ్మాయికి క్షయ అని తేలితే చాలా ఇళ్లలో మొదట వెతికేది మంచి వైద్యుణ్ణి కాదు, విషయం బయటికి పొక్కని మార్గాన్ని. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టడం సులువు. కానీ వారు భయపడే లోకం ఉత్త ఊహ కాదు. వారికి ఇవ్వవలసిన ధైర్యం ఒకటే: సకాలంలో మందులు మొదలైతే ఎక్కువమందికి ఆరు నెలల్లో చికిత్స ముగుస్తుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులకు జరిగిన నష్టం జీవితాంతం ఉండిపోవచ్చు.

క్షయ ఉన్న తల్లి బిడ్డకు పాలివ్వవచ్చా?

మందులకు లొంగే క్షయకు తొలి వరుస మందులు వాడుతున్న తల్లి పాలివ్వవచ్చు. పాల ద్వారా క్షయ సోకదు, పాలలోకి చేరే మందు చాలా స్వల్పం. తల్లికి ఇంకా సోకించే దశ ఉంటే పాలిచ్చేటప్పుడు మాస్కు పెట్టుకోవాలి, బిడ్డను పరీక్షించి అవసరమైన నివారణ మందు మొదలుపెట్టాలి. మామూలు మందులకు లొంగని మొండి క్షయ అయితే వైద్యుల సలహా వేరుగా ఉండవచ్చు. బిడ్డను తల్లి దగ్గర నుంచి లాక్కుని నెలల తరబడి వేరే ఇంట్లో ఉంచడానికి సాధారణంగా ఏ వైద్య కారణమూ ఉండదు.

క్షయ ఉన్న పిల్లలను బడికి పంపవచ్చా?

చిన్న పిల్లల్లో క్రిముల సంఖ్య తక్కువ, వారు బలంగా దగ్గి బయటికి వెదజల్లడమూ తక్కువ. అందుకే వారి నుంచి తోటి పిల్లలకు సోకడం అరుదు; చాలాసార్లు వారికే పెద్దల నుంచి సోకి ఉంటుంది. యుక్తవయసులో ఉన్నవారి విషయంలో పెద్దల్లాగే జాగ్రత్త అవసరం. వైద్యులు సరేనన్నాక బడికి వెళ్లే పిల్లవాణ్ణి చివరి బల్ల మీద ఒంటరిగా కూర్చోబెట్టడం తప్పు. ఉపాధ్యాయులకు చెప్పవలసి వస్తే తల్లిదండ్రుల అనుమతితో, అవసరమైన ఒకరిద్దరికి మాత్రమే చెప్పాలి.

ఉద్యోగం చేసే చోట చెప్పాలా?

ఇది రోగి నిర్ణయం. చట్టాలు దేశాన్ని బట్టి మారతాయి, కొన్ని వృత్తులకు ప్రత్యేక నిబంధనలు ఉండవచ్చు. సోకించే దశ ముగిసేదాకా సెలవులో ఉండటం తప్పనిసరి. సెలవుకు జబ్బు పేరు రాయాలా, అనారోగ్యం అని రాస్తే చాలునా అన్నది వైద్యుడితో ముందే మాట్లాడుకోవచ్చు. ఒకే గదిలో పనిచేసేవారికి పరీక్షలు అవసరమైతే ఆరోగ్య సిబ్బంది రోగి పేరు చెప్పకుండానే అది జరిపించాలి. అయితే ఎవరు కొద్ది రోజులుగా రావడం లేదో చూసి తోటివారు ఊహించేస్తారు, కాబట్టి పేరు దాచినంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. ఊహించినవారు ఎలా ప్రవర్తించాలో యాజమాన్యం ముందే చెప్పి ఉంచాలి.

ఆరోగ్య సిబ్బంది కూడా వివక్ష చూపుతారా?

చూపుతారు, దాని దెబ్బ మరింత లోతుగా తగులుతుంది. మాత్రలను చేతికివ్వకుండా బల్ల మీద నుంచి తోయడం, అందరూ వినేలా పేరుతో పాటు జబ్బును పిలవడం, ఒక పూట రాలేకపోయినవారిని బాధ్యత లేనివారిగా కసరడం, తల ఎత్తి చూడకుండా మాట్లాడటం రోగులు ఏళ్ల తరువాత కూడా గుర్తుంచుకునే విషయాలు. ఇందులో కొంత సిబ్బంది సొంత భయం. గాలి ఆడని గదిలో, సరైన మాస్కులు లేకుండా, రోజంతా దగ్గేవారి మధ్య పనిచేసేవారికి భయపడే హక్కు ఉంది. వారికి వెలుతురు, గాలి, ఎన్95 మాస్కులు, క్రమం తప్పని పరీక్షలు కల్పించకుండా ప్రేమగా మాట్లాడమని బోధిస్తే ఫలితం ఉండదు. క్షయ సోకిన నర్సులు, ప్రయోగశాల ఉద్యోగులు తమ ఆసుపత్రిలోనే చెప్పుకోవడానికి జంకి, మరో చోట దొంగచాటుగా వైద్యం చేయించుకోవడం కూడా జరుగుతుంటుంది.

ఊపిరితిత్తులకు కాక వేరే భాగాలకు వచ్చిన క్షయ అంటుకుంటుందా?

వెన్నెముక, మెడ గ్రంథులు, మెదడు పొరలు, మూత్రపిండాలు, పేగులు వంటి భాగాలకు మాత్రమే సోకిన క్షయ, మాటలాడటం వల్ల గానీ పక్కన కూర్చోవడం వల్ల గానీ ఎవరికీ అంటదు. నటుడు అమితాబ్ బచ్చన్ తనకు 2000లో వెన్నెముక క్షయ వచ్చి నయమైందని బహిరంగంగా చెప్పారు. అయినా పేరు ఒకటే కావడంతో ఈ రోగులను కూడా అదే భయంతో దూరం పెడుతుంటారు.

మొండి క్షయ ఉన్నవారి పరిస్థితి?

వారి మీద రెండింతల నింద పడుతుంది: జబ్బు వచ్చినందుకు ఒకటి, మందులు సరిగా వాడలేదన్నందుకు మరొకటి. చాలామందికి మొదటే మొండి క్రిమి సోకి ఉంటుంది; వారు ఒక్క మాత్ర కూడా మానలేదు. పాత పద్ధతిలో చికిత్స 18 నుంచి 20 నెలలు లేదా అంతకంటే ఎక్కువ కాలం సాగేది, వినికిడిని దెబ్బతీసే సూది మందులుండేవి. 2022 నుంచి అర్హులైన ఎక్కువమందికి బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్ససిన్ మాత్రలతో ఆరు నెలల చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. కొన్ని చికిత్సల్లో వాడే క్లోఫజిమిన్ చర్మాన్ని నల్లబరుస్తుంది. ముఖమే జబ్బును బయటపెడుతుందన్న బాధతో ఆ మందు మానేసేవారుంటారు. మానేసేముందు వైద్యుడికి చెబితే మరో దారి ఆలోచించవచ్చు.

హెచ్ఐవీకీ దీనికీ సంబంధం ఏమిటి?

హెచ్ఐవీ ఉన్నవారికి క్షయ ముప్పు చాలా ఎక్కువ కాబట్టి క్షయ తేలినవారందరికీ హెచ్ఐవీ పరీక్ష చేస్తారు. అంత మాత్రాన క్షయ ఉన్నవారందరికీ హెచ్ఐవీ ఉన్నట్లు కాదు. ప్రపంచవ్యాప్తంగా క్షయ బారిన పడేవారిలో అత్యధికులకు హెచ్ఐవీ లేదు. హెచ్ఐవీ బలంగా ఉన్న ప్రాంతాల్లో మాత్రం ఒకటి ఉంటే రెండోది ఉన్నట్లే అనుకోవడం వల్ల, ఆ అనుమానానికి భయపడి జనం క్షయ పరీక్షకే రావడం మానుకుంటారు.

రోగి తనను తానే నిందించుకుంటుంటే ఏం చేయాలి?

ముందు దాన్ని గుర్తించాలి. ఎప్పుడూ కలివిడిగా ఉండే మనిషి గది దాటి రాకపోవడం, నా వల్లే ఇంటికి కష్టమొచ్చిందని పదే పదే అనడం, నిద్ర పట్టకపోవడం, మందుల మీద ఆసక్తి పోవడం కుంగుబాటు లక్షణాలు కావచ్చు. క్షయతో బాధపడేవారిలో కుంగుబాటు తరచుగా కనిపిస్తుంది, అది ఉన్నవారు మందులు మధ్యలో మానేసే అవకాశం ఎక్కువ. కాబట్టి దీనికి చికిత్స చేయడం క్షయ చికిత్సలో భాగమే. మొండి క్షయకు వాడే సైక్లోసెరిన్ అనే మందు కూడా మనసును అతలాకుతలం చేయగలదు. చనిపోవాలన్న మాట రోగి నోట వస్తే ఆ రోజే వైద్యుడికి తెలియజేయాలి.

సలహాల కంటే ఎక్కువగా ఉపయోగపడేది, ఇదే దారిలో నడిచి బయటపడిన మనిషితో మాట్లాడటం. నెల్సన్ మండేలాకు 1988లో జైల్లో ఉండగా క్షయ సోకింది, చికిత్సతో నయమైంది. ఆ సంగతిని ఆయన 2004లో బ్యాంకాక్‌లో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సులో అందరి ముందూ చెప్పారు. అలాంటి మాటల విలువ ఎక్కువే. అయితే కొత్తగా జబ్బు తెలిసినవారికి పక్క వీధిలో ఉండి, నెల నెలా బరువు ఎలా పెరిగిందో, వాంతులు ఎన్నాళ్లకు తగ్గాయో చెప్పగల మామూలు మనిషి ఇంకా ఎక్కువ ధైర్యం ఇస్తాడు.

అవగాహన ప్రచారం చేస్తే వివక్ష దానంతటదే పోతుందా?

సమాచారం అవసరమే గానీ అదొక్కటే చాలదు. కంచం ద్వారా సోకదని తెలిసి కూడా కంచం వేరు పెట్టేవారున్నారు. పుర్రె బొమ్మలతో, ఎముకల గూడులాంటి మనుషుల చిత్రాలతో భయపెట్టే గోడపత్రికలు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తాయని మా గట్టి నమ్మకం. ఉపయోగపడేవి వేరే: కోలుకున్నవారి బృందాలు, కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సెలింగ్, సిబ్బందికి శిక్షణ, ఉద్యోగం నుంచి తీసేయకుండా చట్ట రక్షణ, చికిత్స కాలంలో ఆహారానికీ ప్రయాణానికీ ఆర్థిక సాయం. చివరిదాన్ని వివక్షతో సంబంధం లేనిదిగా చూస్తుంటారు. కానీ ఇంటి ఖర్చులకు చేయి చాచవలసి వచ్చిన రోగి ఇంట్లో బరువైపోతాడు. తన వంతు ఖర్చు తాను పెట్టుకోగలిగినవాడి మాటకు ఆ ఇంట్లో విలువ ఉంటుంది. ఏ కుటుంబమూ క్షయ వల్ల ఆర్థికంగా కుప్పకూలకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ క్షయ నిర్మూలన వ్యూహంలోనే ఒక లక్ష్యం.

మా ఇంట్లో ఒకరికి వచ్చింది. మేమంతా పరీక్షకు వెళ్తే ఊరంతా తెలిసిపోదా?

ఈ సందేహంతోనే చాలా కుటుంబాలు ఆగిపోతాయి. కానీ ఒకే ఇంట్లో ఉన్నవారికి, ముఖ్యంగా ఐదేళ్ల లోపు పిల్లలకు, హెచ్ఐవీ ఉన్నవారికి ముప్పు ఎక్కువ. జబ్బు లేదని తేలినవారికి నివారణ మందు ఇవ్వవచ్చు. ఐసోనియాజిడ్ రోజూ ఆరు నెలలు వాడటం పాత పద్ధతి. ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికి ఒకసారి చొప్పున 12 మోతాదులు వాడటం కొత్త పద్ధతుల్లో ఒకటి. అందరూ ఒకేసారి వెళ్లనక్కరలేదు. వేర్వేరు రోజుల్లో వెళ్లవచ్చు, మామూలు జ్వరాల విభాగంలోనే చూడమని అడగవచ్చు.

చికిత్స పూర్తయింది, అయినా దగ్గు వస్తోంది. జనం అనుమానంగా చూస్తున్నారు.

క్రిమి చచ్చినా ఊపిరితిత్తుల్లో మచ్చలు, శ్వాస గొట్టాల వాపు మిగిలిపోయి కొందరికి దగ్గు, ఆయాసం చాలాకాలం ఉంటాయి. ఇది అంటుకోదు. జబ్బు తిరగబెట్టిందేమో తేల్చుకోవడానికి కళ్లె పరీక్ష ఒకటి చేయించుకోవాలి. అందులో ఏమీ లేకపోతే ఆయాసానికి వేరే చికిత్స ఉంటుంది. ఎక్స్‌రేలో కనిపించే పాత మచ్చ ఆధారంగా ఉద్యోగం నిరాకరిస్తే, చికిత్స పూర్తయినట్లు వైద్యులిచ్చిన పత్రం, తాజా పరీక్ష ఫలితం చూపించండి. ఆ కాగితాలను ఎన్నేళ్లయినా పారేయకండి.

ఎవరికైనా తెలుస్తుందన్న భయంతో మందులు మధ్యలో ఆపేశాను. ఇప్పుడేం చేయాలి?

వెంటనే తిరిగి వెళ్లండి. మిగిలిపోయిన మాత్రలను మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టకండి. ఎన్ని రోజులు ఆగిందన్నదాన్ని బట్టి, కళ్లె పరీక్షలో క్రిమి మందులకు లొంగుతోందా లేదా అన్నదాన్ని బట్టి చికిత్స కొనసాగించాలా, కొత్తగా మొదలుపెట్టాలా అన్నది వైద్యులు నిర్ణయిస్తారు. ఆగిన రోజుల సంఖ్యను తగ్గించి చెప్పకండి. ఎందుకు ఆపారో కూడా చెప్పండి. చుట్టాలు వచ్చారనో, కార్యకర్త ఇంటికి రావడం ఇబ్బందిగా ఉందనో తెలిస్తే మందులు తీసుకునే చోటును, వేళను మార్చవచ్చు. మందులు ఆపినందుకు అక్కడ ఎవరైనా కసిరితే ఆ కేంద్రంలోని మరో ఉద్యోగిని లేదా పై అధికారిని కలవండి, కానీ పరీక్ష చేయించుకోకుండా మాత్రం వెనక్కి రాకండి.